చాలినంత చేసిన ఊరు

"ఎక్కడుంటున్నారు?" అని అడిగినవాళ్ళకు పియోరియా అని చెబితే, తెలుగువాళ్ళలో సగం మంది "ఓ, అరిజోనానా! ఎండలు మండిపోతాయట కదా" అంటారు. కాదండీ, ఇల్లినాయ్ పియోరియా, షికాగో నుంచి కారులో మూడు గంటలు అని వివరించేసరికి అవతలి గొంతులో కాస్త జాలి చేరుతుంది. అరిజోనాలో ఉన్నది మా ఊరి నుంచి వలసపోయినవాళ్ళు మా ఊరి పేరే పెట్టుకుని కట్టుకున్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో వాళ్ళది 1,90,985, మాది 1,13,150. పేరు ఇచ్చినవాళ్ళం చిన్నవాళ్ళమైపోయాం, పుచ్చుకున్నవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. కొన్నాళ్ళు ఇక్కడ కాపురముంటే ఇది మా ఊరికి కొత్త కాదని తెలుస్తుంది. ఎక్కడో ఎవరో మొదలుపెట్టిన పనిని తెచ్చుకుని, దాన్ని లోకానికి సరిపడేంత చేసిపెట్టి, పేరు మాత్రం ఇంకొకరికి వదిలేయడం దీనికి పాత అలవాటు.

పెన్సిలిన్ సంగతే తీసుకోండి. మన సైన్సు పాఠంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బొమ్మ, పక్కన బూజు పట్టిన గాజు పళ్ళెం, కింద 1928. పరీక్షకు అంతే సరిపోయేది. ఆ తర్వాత చాలా ఏళ్ళ దాకా అది మందుల షాపు మొహం చూడలేదని ఎవరూ చెప్పలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ దాన్ని శుద్ధి చేసి, 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కు ఇచ్చారు. మొహమంతా చీము పట్టి చావుకు దగ్గరపడ్డ మనిషి కొద్ది రోజుల్లోనే లేచి అన్నం తిన్నాడు. అంతలో మందు అయిపోయింది. ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్‌ను మళ్ళీ రాబట్టి ఆయనకే ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చిలో ఆయన చనిపోయాడు. మందు లేక కాదు, మందు చాలక.

ఆ ఏడు జూలైలో ఫ్లోరీ, హీట్లీ సాయం వెతుక్కుంటూ అమెరికా వచ్చారు. ఇంగ్లండు మీద బాంబులు పడుతున్న రోజులు, అక్కడి ఫ్యాక్టరీలకు తీరిక లేదు. వాషింగ్టన్‌లో వాళ్ళకు చెప్పిన చిరునామా హార్వర్డూ కాదు, న్యూయార్కూ కాదు, పియోరియా. వ్యవసాయ శాఖ అప్పుడే ఇక్కడ ఒక ప్రయోగశాల తెరిచింది. దాని పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది: రైతుల దగ్గర మిగిలిపోయే పంటను ఇంకేం చేయొచ్చో చూడడం. ఈ చుట్టుపక్కల పంట అంటే మొక్కజొన్నే. దాన్నుంచి పిండిపదార్థం తీసే ముందు గింజల్ని నానబెడతారు. ఆ నానిన నీళ్ళను మరిగించి చిక్కబరిస్తే మిగిలే ద్రవాన్ని ఆండ్రూ మోయర్ అనే శాస్త్రవేత్త బూజుకు మేతగా పోశాడు. దిగుబడి పదింతలు దాటింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆసుపత్రి బెడ్‌పాన్లలో సైతం, పైపైన తెట్టుగా పెంచిన బూజును, పెద్ద పెద్ద తొట్లలో గాలి కొడుతూ అడుగు దాకా పెంచే దారి ఇక్కడ పడింది.

ఇక మంచి బూజు కోసం వేట. సైన్యం విమానాల్లో దేశదేశాల మట్టి తెప్పించారు. ఆ మట్లన్నిటినీ గెలిచింది 1943లో ఇదే ఊరి పండ్ల మార్కెట్లో దొరికిన కుళ్ళిన కర్బూజా. ప్రయోగశాలలో పనిచేసే అమ్మాయి తెచ్చిందని ఒక కథ, ఎవరో ఇల్లాలు ఇచ్చి వెళ్ళిందని ఇంకో కథ. నాకు రెండోదే ఇష్టం. ఈనాటికీ ఫ్యాక్టరీల్లో పెన్సిలిన్ చేసే బూజుకు ఆ కర్బూజాయే మూలపుటమ్మ. 1944 జూన్‌లో సైనికులు నార్మండీ ఒడ్డున దిగేనాటికి లక్షల డోసులు సిద్ధంగా ఉన్నాయి. మరుసటేడు నోబెల్ బహుమతి ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్ పంచుకున్నారు. మోయర్‌కు లేదు. హీట్లీకీ లేదు.

అన్యాయం జరిగిపోయిందని గుండెలు బాదుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. కనిపెట్టడం ఒక విద్య, చాలినంత చేయడం ఇంకో విద్య. మొదటిదానికే మనం దండలు వేస్తాం. మందులు కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పి భీమవరం మురుస్తుంది, మురవాల్సిందే. ఆయన చివరి ఏళ్ళు పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రపు పెర్ల్ రివర్ పేరు ఎంతమందికి తెలుసు? అక్కడ తొట్ల పక్కన రాత్రి షిఫ్టు చేసినవాళ్ళ సంగతి సరేసరి. అమెరికాలో మిడ్‌వెస్ట్ అనే పెద్ద మైదానం ఉంది. అందులో నది ఒడ్డున, పెద్దదీ కాక చిన్నదీ కాక, ఏదో ఒక ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊళ్ళు చాలా ఉన్నాయి. డబ్యూక్, మోలీన్, ఎవాన్స్‌విల్, మా పియోరియా. ఇవన్నీ ఆ రెండో విద్యకు బడులు.

మమ్మల్ని పోషించిన ట్రాక్టరు కూడా వలస వచ్చిందే. కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గర డెల్టా నేల మెత్తన. బరువైన ఆవిరి ట్రాక్టర్లు దిగబడిపోయేవి. గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనప చక్రాలు బిగించడం చూసినవాళ్ళకు ఆ బాధ చెప్పక్కర్లేదు. బెంజమిన్ హోల్ట్ 1904లో చక్రాలే తీసేసి, తనతో పాటు తన దారిని తానే పరుచుకుంటూ పోయే గొలుసు పట్టాలు వేశాడు. అయితే ఇలాంటి బండ్లు కొనగల రైతులు దండిగా ఉన్నది ఇటువైపు. నదికి అవతలి ఒడ్డున ఈస్ట్ పియోరియాలో దివాలా తీసిన ఒక ట్రాక్టర్ల కంపెనీ షెడ్లు ఖాళీగా ఉంటే 1909లో హోల్ట్ మనుషులు వచ్చి కొన్నారు. 1925లో హోల్ట్, బెస్ట్ అనే రెండు పోటీ కంపెనీలు కలిసిపోయి క్యాటర్‌పిల్లర్ అయింది. 1930లో పెద్దాఫీసు కాలిఫోర్నియా నుంచి ఇక్కడికే వచ్చేసింది. 1931లో బండ్లకు పసుపు రంగు వేశారు. అప్పటి నుంచి రోడ్డు, ఆనకట్ట, గని ఎక్కడ తవ్వినా ఆ రంగు కనిపిస్తూనే ఉంది.

ట్రాక్టరుకు ముందు మా ఊరి సరుకు విస్కీ. మొక్కజొన్న చుట్టూ ఉంది, బొగ్గు దగ్గర్లో ఉంది, నేల కింద చల్లటి మంచినీళ్ళు, పట్టుకుపోవడానికి నదీ రైళ్ళూ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దేశం మొత్తం మీద మద్యం పన్ను ఎక్కువ కట్టే జిల్లాగా పియోరియా పేరు మోసింది. మద్యనిషేధం ఎత్తేశాక 1934లో హైరమ్ వాకర్ కంపెనీ నది ఒడ్డున కట్టిన డిస్టిలరీ ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. ఇప్పుడు అదే చోట ఇథనాల్ చేస్తున్నారు. అప్పుడు మనుషులు తాగేది, ఇప్పుడు కార్లు తాగుతున్నాయి; మొక్కజొన్న మాత్రం మారలేదు.

ఈ 'ఎక్కడో మొదలై ఇక్కడ' లెక్క ఒక్కసారి మాత్రం మాకు అనుకూలంగా తిరిగింది. 1854 అక్టోబరులో బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనిచ్చే చట్టం మీద అబ్రహాం లింకన్ విరుచుకుపడ్డ ప్రసంగం ముందు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చేసిందే. పన్నెండు రోజుల తర్వాత ఇక్కడ మళ్ళీ చేశాడు. ఈసారి దాన్ని పూర్తిగా రాసి అచ్చుకిచ్చాడు కాబట్టి చరిత్రలో పియోరియా ప్రసంగమనే పేరే నిలిచింది. ఆ రోజు ప్రత్యర్థి స్టీఫెన్ డగ్లస్ మధ్యాహ్నమంతా మాట్లాడి సాయంత్రం ఐదు దాటాక కూర్చున్నాడు. లింకన్ లేచి, నేనూ అంతసేపు మాట్లాడతాను, ఇంటికెళ్ళి భోంచేసి ఏడింటికి రండి అన్నాడట. జనం తిని వచ్చారు. మా ఊరి శ్రోత గురించి నాకు తెలిసిన గొప్ప పొగడ్త అదే.

ఆ శ్రోతకు తర్వాత ఇంకో రకం పేరొచ్చింది. ఊరూరా తిరిగే నాటక బృందాల కాలంలో, కొత్త అంశం దేనికైనా 'ఇది పియోరియాలో ఆడుతుందా?' అనే ప్రశ్న పుట్టింది. ఇక్కడివాళ్ళు మెచ్చితే దేశమంతా మెచ్చినట్టే. తర్వాత దాన్ని నిక్సన్ మనుషులు రాజకీయాల్లోకి తెచ్చారు, సబ్బులు, సరుకులు అమ్మేవాళ్ళు కొత్తవాటిని ముందు ఇక్కడ పెట్టి చూశారు. సగటు మనిషి ఊరు అన్నమాట. ఇక్కడ ఒక వింత ఉంది. ఆ సగటు ఊళ్ళోనే 1921లో రచయిత్రి బెట్టీ ఫ్రీడన్ పుట్టింది, 1940లో హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ పుట్టాడు. ఒకరు అమెరికా గృహిణి నోట్లో మాట పెట్టారు, ఇంకొకరు నల్లజాతి మనిషి నవ్వులో కోపం దట్టించారు. నాయనమ్మ నడిపే వేశ్యాగృహంలో పెరిగిన ప్రయర్‌కు ఇప్పుడు ఊళ్ళో నిలువెత్తు విగ్రహం ఉంది. ఇద్దరూ ఊరు వదిలాకే వెలిగారు. చాలినంత చేసే ఊరికి ఉండే గుడ్డితనం ఇదేనేమో: ఒకేలాంటివి లక్ష చేయడం చేతనైనవాళ్ళకు, ఒక్కటే ఒకటిగా పుట్టినదాన్ని ఏం చేసుకోవాలో తోచదు.

మా పక్కింటి పెద్దాయన మేపుల్టన్ ఫౌండ్రీలో రిటైరయ్యాడు. అది ఊరికి దిగువన నది పక్కన ఉంది; ఇంజిన్ల బ్లాకులు అక్కడే పోస్తారు. నేను ఏం పని చేస్తానని ఒకసారి అడిగాడు. సాఫ్ట్‌వేర్ అన్నాను. అది ఎంత బరువుంటుందని అడిగాడు. వేళాకోళమేమో అనుకున్నాను, కాదు. ఆయనకు ఏ వస్తువైనా ముందు బరువుతోనే పరిచయం. టీవీలో ఎక్కడో గని చూపిస్తే, ఆ పసుపు బండి ఏ మోడలో, దాని ఇంజిను బ్లాకు ఎన్ని పౌన్లో చెప్పేవాడు. మా వీధిలో మంచు తోసే చిన్న యంత్రం పాడైతే, పుస్తకం చూడకుండా గంటలో విప్పి బిగించేవాడు. నేను రాసింది మూడేళ్ళలో కొత్త వెర్షను కింద సమాధి అయిపోతుంది. ఆయన పోసిన ఇనుము ఇంకా ఏ ఖండంలోనో మట్టి తోస్తూనే ఉంటుంది. ఈ తేడా నన్ను కాస్త గుచ్చుతుంది, ఒప్పుకుంటాను. అలాగని ఫౌండ్రీ పనిని కవిత్వం చేయను. ఆయన చెవులు రెండూ సరిగ్గా వినపడవు.

ఇనుము ఒక్కటే కాదు, సమ్మెలు కూడా ఇక్కడ పెద్ద సైజే. క్యాటర్‌పిల్లర్‌లో 1982-83లో 205 రోజులు. 1994లో మొదలైనది పదిహేడు నెలలు నడిచింది. ఆ నడుమనే కంపెనీ రికార్డు లాభాలు ప్రకటించింది. పని మానేసినవాడు గేటు బయట, గీత దాటి లోపలికి వెళ్ళినవాడు యంత్రం ముందు. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళు, ఒక్కోసారి ఒకే ఇంటివాళ్ళు. ఆ ముచ్చట్లు ఈ ఊళ్ళో ఈనాటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. చాలినంత చేసే ఊరికి అసలు జబ్బు ఏమిటంటే, ఎంత చేస్తే చాలునో నిర్ణయించేవాడు మామూలుగా వేరే ఊళ్ళో ఉంటాడు. పియోరియా అదృష్టం కొద్దీ చాలాకాలం చేసేవాడూ చేయించేవాడూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఆడమ్స్ వీధిలో పెద్దాఫీసు, నది దాటితే షెడ్లు. చేయించేవాడి పిల్లలూ చేసేవాడి పిల్లలూ ఒకే లీగులో బేస్‌బాల్ ఆడారు. అందువల్ల తగువులు తగ్గలేదు గానీ, తగువు మొహామొహీ జరిగింది.

2015లో ఊరి నడిబొడ్డున కొత్త పెద్దాఫీసు కడతామని బొమ్మలు చూపించారు. 2017 జనవరిలో అది లేదన్నారు, షికాగో పక్కన డీర్‌ఫీల్డ్‌కు వెళ్ళిపోయారు. 2022లో అక్కడి నుంచి టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న అర్వింగ్‌కు. ఫ్యాక్టరీలు ఉన్నాయి, వేలమందికి పనీ ఉంది. వెళ్ళింది పైఅంతస్తు మాత్రమే. ఊరు దిగులుపడింది. మన తెలుగువాళ్ళ దిగులు మాత్రం వేరే. అర్వింగ్ అంటే సగం అమీర్‌పేట. ఎప్పటినుంచో డల్లాస్ వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళు "కంపెనీ కూడా చివరికి మన మాటే వింది" అని నవ్వుకున్నారు. కొందరు ఇళ్ళు అమ్మేసి వెళ్ళారు కూడా. ఇక్కడి ఆస్తిపన్ను చూశాక వాళ్ళను తప్పుపట్టలేను.

కొన్నాళ్ళ ప్రాజెక్టుకని వచ్చిన నేను ఎందుకుండిపోయానంటే పెద్ద కారణం చెప్పలేను. ఆఫీసుకు పావుగంట. ఆ పావుగంట కూడా రైలుగేటు పడితేనే. 1877లో సన్యాసినుల సంఘంగా మొదలైన ఓఎస్ఎఫ్ ఇప్పుడు ఊరంత ఆసుపత్రి, అందులో మన డాక్టర్లు. బ్రాడ్లీ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదివే మన పిల్లలు. ఆ యూనివర్సిటీ పెట్టిన లిడియా మాస్ బ్రాడ్లీ కన్న ఆరుగురు పిల్లల్నీ, భర్తనూ పోగొట్టుకుని, ఉన్నదంతా 1897లో ఊరి పిల్లలకు చేతిపని నేర్పే బడికి పెట్టింది. తొలినాళ్ళలో అక్కడ గడియారాల మరమ్మతు కూడా పాఠమే. హిందూ దేవాలయం ఒక్కటే. ఆవకాయ దొరికే కొట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డల్లాస్‌లో అయితే జిల్లాకో సంఘం, సంఘంలో రెండు వర్గాలు, ఉగాదికి నాలుగు పంచాంగ శ్రవణాలు. ఇక్కడ ఆ వైభోగం లేదు. విడిపోవడానికి కూడా జనం చాలాలి. కర్నూలు, కరీంనగర్, కాకినాడ ఒకే టేబులు మీద పులిహోర కలుపుతాయి, ఇంగువ దగ్గర మాత్రం వాదించుకుంటాయి.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఈ చాలినంత అందరికీ అందలేదు. ఈ ఊళ్ళో నేల ఎత్తును బట్టి ఆదాయం చెప్పొచ్చు. గుట్ట మీద పాత మేడలు, ఇంకా ఉత్తరానికి పోతే డన్‌లాప్ బడుల కోసం మనవాళ్ళు కొనుక్కున్న కొత్త ఇళ్ళు. పల్లంలో, నదికి దగ్గరగా, దక్షిణపు పేటల్లో మూతపడ్డ కొట్లు, ఎక్కువగా నల్లవాళ్ళ కుటుంబాలు. మనవాళ్ళలో చాలామంది ఆ పల్లంలోకి దిగకుండానే ఇక్కడ కాపురాలు గడిపేశారు. షికాగోకు రైలు లేదు. జనవరిలో గాలి నేరుగా ఎముకను పలకరిస్తుంది. పిల్లలు పద్దెనిమిది నిండగానే దేశపు రెండు అంచుల వైపూ చూస్తారు.

నది మాత్రం చూసి తీరాలి. ఊరి దగ్గర ఇల్లినాయ్ నది వెడల్పై చెరువంత అవుతుంది, ఏటికేడు మేట వేసి లోతు పోగొట్టుకుంటోంది. దాని మీద మొక్కజొన్న, సోయా పడవలు, ఒక్కొక్కదాంట్లో 1,500 టన్నులు, పదిహేను కలిపి కట్టి ఒకే తోపుడు పడవ మిసిసిపీలోకి, అక్కడి నుంచి న్యూ ఆర్లీన్స్ వైపు నెట్టుకుపోతుంది. ఊరికి దిగువన ఉన్న లాకు పొడవు 600 అడుగులే కాబట్టి ఆ గుంపును రెండుగా విడగొట్టి దాటించాలి. పక్కనున్న ఆనకట్ట నాకు చాలా ఇష్టం. అది చెక్క పలకల వరస. నీళ్ళు తక్కువైతే పలకల్ని నిలబెడతారు. వరద వస్తే నది అడుగున పడుకోబెట్టేస్తారు, పడవలు లాకుతో పని లేకుండా వాటి మీదుగా పోతాయి. 2013 ఏప్రిల్లో నీటిమట్టం 29.35 అడుగులకెక్కి, 1943 నాటి రికార్డు దాటినప్పుడు ఒడ్డంతా ఇసుక బస్తాలు పేర్చారు.

ఇప్పుడు ఆ నది తానే చాలినంత కంటే ఎక్కువ చేస్తోంది. 1970ల్లో దక్షిణాది రాష్ట్రాల్లో చేపల చెరువులు శుభ్రం చేయడానికి ఆసియా నుంచి తెచ్చిన సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ కార్ప్ వరదల్లో తప్పించుకుని మిసిసిపీ ఎక్కి మా నదిలో స్థిరపడ్డాయి. మోటారు చప్పుడు వింటే సిల్వర్ కార్ప్ నీళ్ళలోంచి ఎగిరి పడవలో మనుషుల మొహాన కొడుతుంది. అవి గ్రేట్ లేక్స్‌కు చేరకుండా షికాగో దారిలో కాలువకు కరెంటు పెట్టి కాపలా కాస్తున్నారు. తినేస్తే తగ్గుతాయి కదా అంటే అమెరికన్లకు పేరే రుచించదు, పైగా ముళ్ళు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం వీటికి కోపీ అని కొత్త పేరు పెట్టి, హోటళ్ళ చేత బర్గర్లు చేయించి, తినండి బాబూ అని ప్రచారం మొదలుపెట్టింది. పియోరియాలో ఆడుతుందా అన్న పాత ప్రశ్న ఈసారి చేప వంతైంది. ఇంకా తేలలేదు.

మాకు మాత్రం తేలిపోయింది. బిగ్‌హెడ్ తలకాయ చూసిన మొదటిరోజే పాలకొల్లు మిత్రుడొకాయన "ఇది మన బొచ్చెకు దాయాది" అన్నాడు. ఎక్కడెక్కడి నుంచో గడ్డకట్టి వచ్చే శీలావతి ముక్కలకు డబ్బు పోసే బదులు, ఇంటి ముందు నదిలో టన్నులకు టన్నులున్న చేపను వదిలేయడం ఆయనకు ససేమిరా మింగుడుపడలేదు. చేపలు పట్టేవాళ్ళ దగ్గర తాజాది బేరమాడి తెచ్చి, మట్టి వాసన పోవడానికి ఉప్పూ పసుపూ వేసి తోమి, ముక్కలు కోసి, గాట్లు పెట్టి పులుసు దించాడు. పక్కింటి పెద్దాయన్ని కూడా పిలిచాం. ముళ్ళు తీసుకోవడం చూపిస్తే, యంత్రం విప్పినంత శ్రద్ధగా ఒక్కొక్కటే తీసి కంచం అంచున వరస పేర్చాడు. రెండోసారి వడ్డించమన్నాడు. పాలకొల్లు ఆయన మాత్రం తన పులుసు తానే రుచి చూసి తల అడ్డంగా ఊపాడు: చేపకేం వంక లేదు, చింతపండే కొత్తది.